పెగ్గు మార్చడం పది నిమిషాలు, పెడల్ సర్దడం ఒక పూట

(రోడ్డు మీదా మట్టిదారిలోనూ నడిచే డ్యూయల్ స్పోర్ట్ బైకుల రైడర్ల సమావేశంలో చేసిన ప్రసంగం, అక్షర రూపంలో)

నమస్కారం అండీ. "ఆదివారం ఖాళీ లేదు, పెగ్గుల మీద మాట్లాడాలి" అని ఇంట్లో చెప్పాను. ఏ పెగ్గులో వివరించి బయటపడేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. (నవ్వులు) ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. బండికి రెండు పక్కలా కాళ్ళు పెట్టుకోవడానికి ఉండే ఫుట్‌పెగ్ గురించే మన మాటలన్నీ.

ముందుగా నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతాను. ఈ రోజు చెప్పబోయేది చాలావరకు అందులోంచి నేర్చుకున్నదే.

నేను కాస్త పొడగరిని. బండి మీద నిలబడితే హ్యాండిల్ అందడానికి నడుము వంచాల్సి వచ్చేది. గంట తిరిగేసరికి వీపు పట్టేసేది. అందుకని కంపెనీ పెగ్గుల కన్నా 20 మిల్లీమీటర్లు కిందికి, కాస్త వెనక్కి ఉండే వెడల్పాటి పెగ్గులు తెప్పించుకున్నాను. పాతవి పీకి కొత్తవి పెట్టడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. షెడ్డులోనే బండెక్కి నిలబడి చూశాను. వీపు నిటారుగా ఉంది. ప్రాణం లేచొచ్చినట్టయింది. మర్నాడు రాళ్ళదారిలో పెద్ద దిగుడు, దాదాపు మొత్తం నిలబడే దిగుతున్నాను. సగం దిగాక వెనక బ్రేకు నొక్కితే పెడల్ మెత్తగా అడుగుదాకా వెళ్ళిపోయింది. బ్రేకు పడలేదు. ముందు బ్రేకు, మొదటి గేరు, దేవుడు, ఈ ముగ్గురి మీద భారం వేసి ఎలాగో ఆపాను. వెనక డిస్కు మీద నాలుగు చుక్కలు నీళ్ళు పోస్తే చుయ్‌మని ఆవిరైపోయాయి.

ఏం జరిగిందంటే, పెగ్గు 20 మిల్లీమీటర్లు కిందికి దిగింది, బ్రేకు పెడల్ మాత్రం ఉన్నచోటే ఉంది. అంటే నా పాదం లెక్కలో పెడల్ 20 మిల్లీమీటర్లు పైకి లేచింది. నిలబడిన ప్రతిసారీ బూటు ముందుభాగం దాని మీద ఆనుతూనే ఉంది. నేను బ్రేకు నొక్కుతున్నానని నాకు తెలియదు, బ్రేకుకు మాత్రం తెలుసు. ప్యాడ్లు రాసుకుంటూ, వేడెక్కుతూ, చివరికి బ్రేకు ఆయిల్ మరిగింది. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన ఆయిల్‌కి ఆ హద్దు 155 డిగ్రీలే. నా డబ్బాలో ఉన్నది ఎప్పటిదో నాకే గుర్తులేదు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే అణగదు, ఆవిరి అణుగుతుంది. అందుకే పెడల్ మెత్తబడింది.

కాబట్టి పెగ్గు మార్చాలనుకునేవాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఇదే. మీరు మారుస్తున్నది ఒక ఇనుప ముక్కను కాదు. బండి మీద మన ఒంటి కొలతలన్నీ మొదలయ్యేది పెగ్గు దగ్గరే. సీటు ఎంత ఎత్తు, హ్యాండిల్ ఎంత దూరం, బ్రేకు పెడల్ ఎక్కడ, గేరు లివర్ ఎక్కడ, ఇవన్నీ పెగ్గు నుంచి కొలిచేవే. అది కదిలితే అన్నీ కదిలినట్టే.

సరే, అసలు ఎందుకు మార్చాలి? 1968లో యమహా డీటీ-1 వచ్చినప్పటి నుంచీ ఈ తరహా బండ్లలో ఒక రాజీ ఉంది. రోడ్డు మీద కూర్చుని పోయేవాడికీ, మట్టిలో నిలబడి పోయేవాడికీ ఒకే బండి కావాలి. కూర్చున్నవాడి బరువు సీటు మీద ఉంటుంది, అతనికి పెగ్గు అంటే కాలు ఆన్చుకునే చోటు. సన్నగా ఉన్నా చాలు, పైన రబ్బరు ఉంటే సింగిల్ సిలిండర్ ఇంజన్ వణుకు పాదానికి ఎక్కదు. నిలబడినవాడికి అలా కాదు. అతని బరువు మొత్తం పెగ్గుల మీదే. కాలు నేలకు ఆనకుండా రాళ్ళూ అడ్డంకులూ దాటించే ట్రయల్స్ పోటీల బండ్లు చూడండి, వాటికి సీటు అనేది దాదాపు ఉండదు. పెగ్గే సీటు. చాలా డ్యూయల్ స్పోర్ట్ బండ్లకు కంపెనీ ఇచ్చే పెగ్గులు కూర్చునేవాడి పక్షం.

చిన్న లెక్క వేద్దాం. ఒంటి మీది హెల్మెట్, బూట్లు, సామాను కలిపి 90 కిలోల మనిషి అనుకోండి. ఒక్కో పెగ్గు మీద 45 కిలోలు. 40 మిల్లీమీటర్ల వెడల్పున్న పెగ్గు తీసి 57 మిల్లీమీటర్లది పెట్టాం. పొడవు అంతే ఉంటే అరికాలి మీద ఒత్తిడి దాదాపు 30 శాతం తగ్గుతుంది. గుంతలో దిగినప్పుడు ఆ 45 కాస్తా ఎన్నో రెట్లవుతుంది. మెత్తటి అట్ట ఉన్న బూటయితే సన్నటి పెగ్గు చుట్టూ వంగిపోతుంది. సాయంత్రానికి పాదం వంపులో కర్రతో కొట్టినట్టు నొప్పి. వెడల్పు పెగ్గు పెట్టించుకున్నవాళ్ళు మొదటి రోజే ఆహా అనేది ఇందుకే.

ఇక్కడ ఒక మాట, అమ్మేవాళ్ళకు నచ్చదు. మీ బూట్లు ఎలాంటివి? లోపల గట్టి పట్టీ ఉన్న ఆఫ్‌రోడ్ బూట్లయితే సన్న పెగ్గు మీద కూడా బరువు అట్టంతా పరుచుకుంటుంది. మామూలు బూట్లతో తిరుగుతూ పాదం నొప్పి అంటున్నారా? డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు బూట్లు కొనండి. పెగ్గు పాదానికి సుఖమిస్తుంది, అంతే. బూటు చీలమండను కాపాడుతుంది. రెండూ ఒకటి కాదు.

ఇంకోటి, ఖర్చులేని పరీక్ష ఉంది. చాలా కంపెనీ పెగ్గుల మీద రబ్బరు ఒకటో రెండో బోల్టులతో బిగించి ఉంటుంది. అది తీస్తే కింద పళ్ళున్న ఇనుము బయటపడుతుంది. వానలో, బురదలో జారడమే మీ బాధయితే దానితోనే తీరిపోవచ్చు. రబ్బరు మందం మేరకు పెగ్గు కాస్త కిందికి దిగినట్టు కూడా అవుతుంది.

కొనాలనే అనుకున్నారు. ఏం చూడాలి?

వెడల్పు గురించి చెప్పాను. పొడవు గురించి చాలామంది ఆలోచించరు. బయటికి పొడవుగా ఉన్న పెగ్గు మీద నిలకడ బాగుంటుంది, నిజమే. కానీ బాటలోని గాడి అంచుకు ముందు తగిలేది అదే. బండి దిగి తోసేటప్పుడు పిక్కకో ముంగాలికో గీరుకునేదీ అదే. పైగా బరువు చివర పడేకొద్దీ పెగ్గును పట్టుకునే బ్రాకెట్ మీద తిప్పే బలం పెరుగుతుంది. బ్రాకెట్‌ను ఫ్రేముకు బోల్టులతో బిగించిన బండ్లలో ఆ భారమంతా ఆ బోల్టులే మోయాలి.

పళ్ళు. వాడిగా ఉంటే పట్టు బాగుంటుంది, బూటు అట్టను మాత్రం తురిమేస్తాయి. నాకు మరీ వాడి పళ్ళంటే పడదు. మలుపులో పాదం తిప్పాలి, బయటి పెగ్గు మీద బరువు వేయాలి, మళ్ళీ పాదం వంపు మీదికి రావాలి. పాదం అతుక్కుపోతే ఇవన్నీ కష్టం. నడి వయసు మోకాళ్ళకు మరీ కష్టం. ఎక్కువ బురదలో తిరిగేవాళ్ళు పళ్ళ వాడి కన్నా మధ్యలో ఎంత ఖాళీ ఉందో చూడాలి. నడుమ తెరిచి ఉంటే బూటు నొక్కగానే బురద కిందికి రాలిపోతుంది. మూసుకుపోయిన పెగ్గు మీద పళ్ళెంత వాడివైనా బురద ముద్ద మీద నిలబడ్డట్టే. పళ్ళు విడిగా మరలతో బిగించే రకాలున్నాయి. అరిగితే మార్చుకోవచ్చు, మంచిదే. కానీ మరలు వదులవకుండా పట్టి ఉంచే జిగురు, థ్రెడ్‌లాకర్, వేయకపోతే వణుకుకి ఒక్కొక్కటే రాలిపోతాయి.

పాదంతో పాటు ముందుకూ వెనక్కూ వాలే రకం కూడా ఉంది, పివట్ పెగ్జ్ అని వినే ఉంటారు. బ్రేకు నొక్కేటప్పుడు, గేరు మార్చేటప్పుడు పెగ్గు పాదంతో పాటే తిరుగుతుంది, వదిలితే స్ప్రింగు మళ్ళీ సమంగా నిలబెడుతుంది. కొందరికి ప్రాణం, కొందరికి కాలికింద నేల కదిలినట్టుంటుంది. అరువడిగి ఒక పూట నడిపి చూడకుండా కొనొద్దు.

లోహం గురించి ఎక్కువసేపు చెప్పను. ఉక్కు బరువు, కానీ దెబ్బ తగిలితే వంగి ఊరుకుంటుంది. అల్యూమినియం తేలిక, పళ్ళు త్వరగా మొద్దుబారతాయి, దెబ్బకు పగిలే అవకాశం ఎక్కువ. పెగ్గును బ్రాకెట్‌కు తగిలించే పిన్ను ఉక్కుది, పెగ్గు అల్యూమినియంది అయితే రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. కొనేటప్పుడు రంధ్రంలో ఉక్కు బుష్, అంటే లోపలి తొడుగు, ఉందో లేదో చూడండి. టైటానియం తేలికా, గట్టీ. ఖరీదు అడక్కండి. మనం మోసుకెళ్ళే పనిముట్ల సంచి బరువు ముందు ఆ మిగిలే గ్రాములు ఎంతని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు తికమక పెట్టే విషయం, ఎత్తు. కిందికి దింపిన పెగ్గులు, వెనక్కి జరిపిన పెగ్గులు అని అమ్ముతారు. మామూలుగా 10 నుంచి 20 మిల్లీమీటర్ల తేడా. కిందికి దింపితే కూర్చున్నప్పుడు మోకాలు తక్కువ ముడుచుకుంటుంది, నిలబడినప్పుడు హ్యాండిల్ ఎత్తు పెరిగినట్టు ఉంటుంది. పొడుగువాళ్ళకు రెండూ వరమే. కానీ సీటు నుంచి లేచి నిలబడే దూరం పెరుగుతుంది. రోజంతా లేస్తూ కూర్చుంటూ ఉండేవాళ్ళకు పొద్దుగూకేసరికి తొడలు చెబుతాయి. నేలకూ పెగ్గుకూ మధ్య ఎడం తగ్గుతుంది, రాయి ముందు పెగ్గుకే తగులుతుంది. వెనక్కి జరిపితే బరువు వెనక్కి పోతుంది, పాదానికి పెడల్, గేరు లివర్ దూరమవుతాయి. చిన్న పాదాలవాళ్ళకు గేరు అందదు.

మీకున్నది నిలబడినప్పుడు నడుము వంగే బాధ ఒక్కటే అయితే, హ్యాండిల్ కింద రైజర్లు వేసి ఎత్తు పెంచడం ఇంకో దారి. కేబుళ్ళు, బ్రేకు గొట్టం పొడవు చాలినంతవరకు అది సులువు. కూర్చున్నప్పుడు మోకాళ్ళు నొప్పి అయితే మాత్రం రైజర్లు ఏమీ చేయలేవు. మీ బాధ కూర్చున్నప్పుడా, నిలబడినప్పుడా? అది తేల్చుకోకుండా ఏదీ కొనకండి. బూట్లు వేసుకుని బండెక్కి నిలబడండి, ఎవరినైనా బండి నిటారుగా పట్టుకోమనండి, ఇంకొకర్ని పక్కనుంచి ఫొటో తీయమనండి. మన నడుము ఎంత వంగిందో మనకు ఎప్పుడూ సరిగ్గా తెలియదు.

ఇక బిగించడం. మీ బండి మోడల్‌కు, ఆ ఏడాదికి తయారుచేసినదే తీసుకోండి. పిన్ను లావు, బ్రాకెట్ చెవుల మధ్య ఎడం, పెగ్గు బ్రాకెట్‌కు ఆనే ముఖం, ఈ మూడూ సరిపోవాలి. అన్ని బండ్లకూ సరిపోతుందంటూ గుప్పెడు వాషర్లూ బుష్‌లూ ఇచ్చే కిట్లంటే నాకు నమ్మకం లేదు. అన్నిటికీ సరిపోయేది దేనికీ సరిగ్గా సరిపోదు.

ముందు బండి కడగండి. సైడ్ స్టాండు వైపు పెగ్గుకు చోటు ఇరుకు, కాబట్టి వీలుంటే ఇంజన్ కింద దన్ను పెట్టి బండిని నిటారుగా నిలపండి. తీసే ముందు ఫోనులో ఫొటో తీసుకోండి, ముఖ్యంగా స్ప్రింగు కాళ్ళు ఏది ఎక్కడ ఆనుతుందో. తుప్పు పట్టిన పిన్ను అయితే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి వదిలేయండి. పెద్ద పిన్ను జారిపోకుండా దాని కొసన దూర్చి వంచిన తీగ ఉంటుంది, అదే స్ప్లిట్ పిన్ను. దాని కాళ్ళు ప్లయరుతో నిటారుగా చేసి లాగేయండి. దాన్ని మళ్ళీ వాడొద్దు. ఒకసారి వంచి, చాచి, మళ్ళీ వంచిన తీగ ఎప్పుడు విరుగుతుందో దానికే తెలియదు. పెద్ద పిన్ను బయటికి వచ్చేటప్పుడు స్ప్రింగు ఎగిరిపడుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. నా స్ప్రింగు ఒకటి ఇప్పటికీ షెడ్డులో ఎక్కడో ఉంది, నాకు దొరకలేదు. (నవ్వులు)

కుడి స్ప్రింగు, ఎడమ స్ప్రింగు వేరువేరు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, చుట్టు తిరిగిన దిక్కు వేరు. మార్చి పెడితే పెగ్గు కిందికి రావడానికి బదులు పైకి లేచి కూర్చుంటుంది. ఎక్కించేటప్పుడు చేతులు రెండే ఉన్నాయే అని ఏడవకుండా, స్ప్రింగును నొక్కిపెట్టి ప్లాస్టిక్ టైతో బిగించేయండి. పెగ్గును చోటులో పెట్టి, ముందు సన్నటి స్క్రూడ్రైవర్‌ను రంధ్రాల్లోంచి దూర్చి వరసలోకి తేండి. ఇంకో వైపు నుంచి పిన్నును తోస్తే అది స్క్రూడ్రైవర్‌ను బయటికి నెట్టుకుంటూ వస్తుంది. తర్వాత టై కోసేయండి. పిన్ను నిలువుగా ఉండే బండ్లలో తల పైకి ఉండేలా పైనుంచి దించాలి. స్ప్లిట్ పిన్ను ఊడిపోయినా బరువుకి పిన్ను అక్కడే కూర్చుంటుంది. కింద నుంచి ఎక్కిస్తే ఊడిన మొదటి గుంతకే పిన్నూ పెగ్గూ రెండూ పోతాయి.

పిన్నుకు గ్రీజు పలచగా పుయ్యండి. ఎక్కువైతే దుమ్ము పట్టి అదే ఆకురాయిలా అరగదీస్తుంది. బ్రాకెట్‌కూ పెగ్గుకూ మధ్య వదులుంటే పలచటి వాషర్ వేయొచ్చు, కానీ బిగుసుకుపోకూడదు. పెగ్గును చేత్తో పైకి మడిచి వదలండి. టక్కున వెనక్కి రావాలి. నిదానంగా వస్తే ఒప్పుకోవద్దు. పెగ్గు పైకీ వెనక్కీ మడిచేలా చేసింది ఊరికే కాదు. రాయి తగిలినా, బండి పడినా అది ముడుచుకుపోతే బ్రాకెట్ బతుకుతుంది, కిందపడ్డ కాలు కూడా.

ఇప్పుడు చుట్టూ చూడండి. సైడ్ స్టాండు పైకి లేపితే కొత్త పెగ్గుకు తగులుతోందా? కిక్కు ఉన్న బండయితే కిక్కు లివర్ పూర్తిగా దిగుతోందా? పెగ్గు మడిస్తే ఇంజన్ కవరుకో సైలెన్సరుకో ఆనుతోందా? ఈ మూడూ చూడ్డానికి రెండు నిమిషాలు.

ఇక ఆ పూట పట్టే పని. గేరు లివర్‌తో మొదలుపెట్టండి. షాఫ్టు మీద పళ్ళుంటాయి, లివర్‌ను ఒక్కో పన్ను చొప్పున కిందికి తిప్పి పెట్టుకోవచ్చు. తీసేముందు లివర్ మీదా షాఫ్టు మీదా ఒక చుక్క గుర్తు పెట్టండి. బిగించే బోల్టును వదులు చేస్తే చాలదు, చాలా బండ్లలో పూర్తిగా తీసేయాలి. షాఫ్టు మీది గాడిలోంచి ఆ బోల్టు పోతుంది, అది ఉండగా లివర్ రాదు. రావట్లేదని సుత్తితో కొట్టినవాళ్ళు నాకు తెలుసు. కొట్టొద్దు.

బ్రేకు పెడల్. బూట్లు వేసుకుని నిలబడండి. పాదం వంపు పెగ్గు మీద ఉన్నప్పుడు బూటు కొస పెడల్‌కు కాస్త పైన తేలుతూ ఉండాలి, ఆనకూడదు. పాదం పెగ్గు మీది నుంచి ఎత్తకుండా నొక్కగలగాలి. తర్వాత కూర్చుని అదే చూడండి. రెండింటికీ అద్భుతంగా కుదిరే చోటు ఉండదు. ఎక్కువ ఎలా నడుపుతారో దానివైపు మొగ్గండి.

ఎత్తు మార్చడానికి, పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ కడ్డీ దగ్గర లాక్ నట్టు ఉంటుంది. కొన్నిటికి పెడల్ ఆగే బోల్టు కూడా ఉంటుంది. పెడల్ ఎంత దింపినా నొక్కడం మొదట్లో కొంచెం ఆట, అంటే ఖాళీ కదలిక, మిగలాలి. కడ్డీ పిస్టన్‌ను ఎప్పుడూ తోస్తూ ఉందనుకోండి, ఆయిల్ డబ్బాలోకి వెనక్కి వెళ్ళే చిన్న రంధ్రం తెరుచుకోదు. ఆయిల్ వేడెక్కి ఉబ్బుతుంది, పోయే దారి లేదు, బ్రేకు తనంతట తానే బిగుసుకుంటుంది. నాది పాదం ఆనడం వల్ల వచ్చిన తిప్పలు. ఇది పాదం తీసేసినా వదలదు, దీనికన్నా చెడ్డది. కడ్డీ మరలు నట్టులో చాలినన్ని చుట్లు పట్టి ఉన్నాయో లేదో చూసి, లాక్ నట్టు బిగించి, వెనక చక్రం చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. ఆఖర్న బ్రేకు లైటు. పెడల్ కదిలింది కాబట్టి స్విచ్చి కూడా కదపాలి. లేకపోతే లైటు ఎప్పుడూ వెలుగుతుంది, లేదా ఎప్పుడూ వెలగదు.

దగ్గర్లోనే ఒక చిన్న చుట్టు కొట్టి వచ్చి డిస్కు దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. వేడి కొడుతుంటే మళ్ళీ మొదటికి. మొదటి పెద్ద ప్రయాణం తర్వాత బ్రాకెట్ బోల్టులు, స్ప్లిట్ పిన్నులు ఇంకోసారి చూడండి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, నా పెగ్గు కొస కిందికి వాలిపోయింది. పాదం బయటికి జారుతోంది. వెల్డింగ్ చేయించనా?

ఏది వాలిందో ముందు తేల్చండి. పిన్ను అరిగిందా, రంధ్రం అరిగిందా, పెగ్గు ఆనే ముఖం అరిగిందా, బ్రాకెట్టే వంగిందా? ముందు కొత్త పిన్ను వేసి చూడండి, కొన్నిసార్లు అక్కడే తీరిపోతుంది. ఉక్కు పెగ్గు అయితే ఆనే ముఖం మీద వెల్డింగ్‌తో కొంచెం లోహం పోయించి, ఆకురాయితో కొద్దికొద్దిగా రాస్తూ సమానం చేసుకోవచ్చు. కానీ పెగ్గును కదలకుండా బ్రాకెట్‌కే అతికించేస్తే మాత్రం మడిచే గుణం పోతుంది. అది చేయించొద్దు.

ప్రశ్న: రోడ్డు మీద దూరప్రయాణంలో పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి. వెడల్పు పెగ్గుతో తగ్గుతుందా?

తగ్గకపోవచ్చు. అది వణుకు. పళ్ళ పెగ్గుతో ఇంకా పెరగొచ్చు. రబ్బరు పెట్టుకుని తీసుకునే వీలున్న వెడల్పు పెగ్గులు దొరుకుతాయి, మీకు అవే సరి.

ప్రశ్న: నాకూ 20 మిల్లీమీటర్లు దింపినవి తీసుకుందామని ఉంది సార్.

మీ ఎత్తెంత?

ప్రశ్న: ఐదు అడుగుల ఐదు అంగుళాలు.

మోకాళ్ళ నొప్పా? నడుమా?

ప్రశ్న: అలాంటివేం లేవు సార్. మా వాడు వేయించుకున్నాడు, బాగున్నాయి. (నవ్వులు)

మీ వాడు ఎంత పొడుగో నేను అడగను. మీ పెగ్గుల మీది రబ్బర్లు తీసేసి రెండు మూడు వారాంతాలు నడపండి. అప్పటికీ ఏదైనా ఇబ్బంది ఉంటే, అది కూర్చున్నప్పుడో నిలబడినప్పుడో గమనించి నాకు చెప్పండి. ఆ రబ్బర్ల కింది బోల్టులూ వాషర్లూ మాత్రం ఒక డబ్బాలో వేసి దాచుకోండి. రోడ్డు ప్రయాణానికి మళ్ళీ బిగించుకోవాలంటే అవే కావాలి, విడిగా వెతికితే ఆ సైజు దొరక్కపోవచ్చు.